ఇంజన్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోండి!

“ఆ జాకీ జారిందంటే?” అన్నాను.

అప్పటికి జాకీ ఇంకా సీటు వెనక సంచిలోనే ఉంది. బండి నాలుగు చక్రాల మీదా నిమ్మళంగా నిలబడి ఉంది. మా అమ్మాయి వరండా మెట్టు మీద కూర్చుని కాఫీ తాగుతోంది. ప్రమాదానికి కావలసిన సరంజామా ఒక్కటీ అక్కడ లేదు. అయినా అన్నాను. ముందుగా అనకపోతే ఇంక భయపడి ఏం లాభం? అంతా అయిపోయాక భయపడటం ఎవరైనా చేస్తారు!

మా అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు.

పాఠక మహాశయులారా, నా భయాల సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఈ రోజు మీకొక మంచి మాట చెబుదామని కూర్చున్నాను. లారీ ఉన్నవాళ్లంతా తమ ఇంజన్ ఆయిల్ తామే, తమ ఇంటి ముందే, తమ చేతులతోనే మార్చుకోవాలి. లారీ లేనివాళ్లు వెంటనే ఒకటి కొనుక్కోవాలి, ఆయిల్ మార్చుకోవడానికైనా! ఈ కాలంలో ఇంతకు మించిన భాగ్యం ఇంకోటి లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. నమ్మకపోతే మా ఇంట్లో రోజు గడవదు.

మా అమ్మాయికి సొంత బండి ఉంది. పెద్ద లారీ కాదు. ముందు రెండు సీట్లు, వెనక ఇనప తొట్టి ఉన్న చిన్న లారీ. వేరేవాళ్లు నడిపి నడిపి విసిగి అమ్మేస్తే కిందటి వేసవిలో మా అమ్మాయి కొన్నది. నడిపేది తనే. ఇప్పటిదాకా ఊళ్లోనే బీరువాలూ కుర్చీలూ చేరవేసింది. ఆ ఆదివారం మాత్రం సంగతి వేరు. మర్నాడు తెల్లవారగానే పదహారు ఆసుపత్రి మంచాలు ఎక్కించుకుని ఘాట్ రోడ్డు దాటి కొండ అవతలికి వెళ్లాలి. ఈ ఒక్క ట్రిప్పు సవ్యంగా చేస్తే ఏడాది పొడుగునా సరుకు తనకే ఇస్తానన్నాడట మంచాల కంపెనీ మేనేజరు. సవ్యంగా చెయ్యకపోతే ఏం చేస్తాడో ఆయన చెప్పలేదు. ఆ భాగం నేను ఊహించుకుంటాను. ఊహించుకోవడంలో నాకు అనుభవం ఉంది.

అంత దూరం వెళ్లే ముందు ఆయిల్ మార్చాలి, ఆయిల్‌ని వడగట్టే ఫిల్టర్ డబ్బా కూడా మార్చాలి. ఇది న్యాయమే. మరి మెకానిక్ షెడ్డుకు ఎందుకు వెళ్లకూడదు?

అయ్యో, షెడ్డా! ఏముందండీ అక్కడ? ఒక బల్ల ఉంటుంది. కూర్చోమంటారు. “ఏమ్మా, బండి ఎలా లాగుతోంది?” అని అడుగుతాడు మేస్త్రి. బండి ఎలా లాగితే ఆయనకెందుకు? తర్వాత ఇంజన్ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, జ్వరం చూసే డాక్టరులా తలాడిస్తాడు. కింద దూరి, “ఈ బోల్టు వదులైంది, ఆ గొట్టం పగిలేట్టుంది” అని మనం అడక్కుండానే చెబుతాడు. అడక్కుండా చెప్పేవాళ్లంటే ఈ రోజుల్లో ఎవరికి గిట్టుతుంది? ఆ విషయం నన్నడగండి, నేను చెబుతాను.

అందుకే మా అమ్మాయి గురువు ఫోన్‌లో ఉంటాడు. ఆయనకి నేను ‘వీడియో బాబు’ అని పేరు పెట్టుకున్నాను. తెల్ల చొక్కా వేసుకుంటాడు. ఆయిల్ మార్చేవాడికి తెల్ల చొక్కా! “పది నిమిషాల పని ఫ్రెండ్స్” అంటాడు. ఆయన చేతిలో బోల్టు మొరాయించదు. ఫిల్టర్ మూడు సెకన్లలో మల్లెపువ్వులా ఊడొస్తుంది. ఒక్క చుక్క కింద పడదు. ఆయన పక్కన నిలబడి “జాకీ జారితే?” అనే అమ్మ కూడా ఉండదు, పాపం. ఎవరి పుణ్యానికి పెరిగాడో!

ఆయన మాట పదకొండు లక్షలమంది వింటారట. నా మాట వినేవాళ్లు ఇద్దరు. ఒకరు మా ఆయన. ఆయన విన్నట్టు ముఖం పెడతారు, అంతే. రెండోది మా పిల్లి.

సరే, పది నిమిషాల పని ఉదయం ఎనిమిదింటికి మొదలైంది. పాత ఆయిల్ పట్టడానికి వెడల్పాటి పాత్ర కావాలని వీడియో బాబు ఆజ్ఞ. ఎవరి పాత్ర? నేను బట్టలు నానబెట్టే నీలం టబ్బు. కొత్త ఆయిల్ పొయ్యడానికి గరాటు కావాలి. ఎవరి గరాటు? వంటింట్లో మేకుకు వేలాడేది. కింద పరవడానికి పాత పేపర్లు కావాలి. పాతవి దొరకలేదు. మా ఆయన చదువుతున్న పేపర్లోంచి మధ్య రెండు షీట్లు మాయమయ్యాయి. ఆయన మొదటి పేజీలోంచి నేరుగా ఆటల పేజీలోకి వెళ్లిపోయి, ఏమీ గమనించకుండా చదువుకుపోయారు. చూశారా, టైం ఎంత ఆదా!

ఇంటి అందం కూడా పెరుగుతుంది. మా ఇంటి ముందు గచ్చు ఇదివరకు బోసిగా, తెల్లగా ఉండేది. ఇప్పుడు దాని మీద ఖండాలూ ద్వీపాలూ ఏర్పడ్డాయి. తలుపు గడియలు, ఫ్రిజ్ పిడి, లైట్ల స్విచ్చులు, అన్నిటి మీదా నల్లటి వేలిముద్రలు. రేపెప్పుడైనా దొంగ పడితే పోలీసులు వచ్చి మా అమ్మాయినే పట్టుకుపోతారు. ఇప్పుడు దొంగతనమంటే నాకు పెద్దగా భయం లేదు, పోలీసులంటేనే.

ఇక పాత ఆయిల్ సంగతి. దాన్ని కాలవలో పొయ్యకూడదు. మట్టిలో పొయ్యకూడదు. చెత్తబండి ఆవిడ ముట్టుకోదు. “బాధ్యతగా పారెయ్యండి ఫ్రెండ్స్” అని నవ్వుతూ చెప్పి వీడియో బాబు వెళ్లిపోయాడు. బాధ్యత ఏ వీధిలో ఉంటుందో అడ్రసు మాత్రం ఇవ్వలేదు. అందుకని అది మా మెట్ల కింద ఉంది. రెండు డబ్బాల బాధ్యత. ఇది మూడోసారి మార్చడం కాబట్టి మూడో డబ్బా బాధ్యత కూడా వస్తుంది. వాటికి నిప్పు అంటుకుంటుందేమోనని నేను అగ్గిపెట్టెని బియ్యం డబ్బాలో దాచాను. పొద్దున స్టవ్ వెలిగించాలంటే బియ్యంలో మోచేతి దాకా దేవుకోవాలి. భుజాలకి మంచి వ్యాయామం!

వీధికి కూడా ఎంత మేలో చూడండి. బండి కింద మనిషి పడుకుంటే చాలు, చుట్టుపక్కల మేధావులు లేస్తారు. పక్కింటి రిటైర్డ్ లెక్కల మాస్టారు కాఫీ కప్పుతో గోడ దగ్గరికి వచ్చారు.

“ఫిల్టర్ చేత్తో బిగించాక ముప్పావు చుట్టు తిప్పాలమ్మాయ్! అంటే రెండు వందల డెబ్బై డిగ్రీలు. రెండు వందల ఎనభై అయితే కష్టం!” అన్నారు.

మాస్టారికి ఈ జన్మలో సైకిల్ కూడా లేదు. అయితేనేం, కోణం కోణమే కదా!

ఇవన్నీ చిన్న భాగ్యాలు. అసలు భాగ్యం వేరే ఉంది. అది చెప్పాలంటే బండి కొన్న రోజు సంగతి చెప్పాలి.

ఆ రోజు బండి గేటు ముందు ఆగగానే, మా అమ్మాయి తాళంచెవి నా చేతిలో పెట్టబోయింది. నేను పుచ్చుకోలేదు. “ఇది నిన్ను నడిరోడ్డు మీద నిలబెడుతుంది. అమ్మేసెయ్” అన్నాను. తాళంచెవి జేబులోకి వెళ్లింది. మాటలు కూడా దానితోపాటే వెళ్లాయి. అప్పటినుంచీ తిన్నావా అంటే ఊఁ. వచ్చావా అంటే ఊఁ. ఎక్కడికెళ్లావు అంటే అదీ ఊఁ! ఊఁ అనే ఊరు ఏ దిక్కున ఉందో నాకు తెలీదు.

ఆయిల్ మార్చే రోజు మాత్రం మా అమ్మాయి గంటసేపు ఒక్కచోట కదలకుండా ఉంటుంది. వెల్లకిలా పడుకుని, చేతుల నిండా జిడ్డుతో, ఎక్కడికీ లేచిపోలేకుండా! బంపర్ కిందనుంచి రెండు పాదాలు నాకు కనిపిస్తూ ఉంటాయి. ఏ తల్లికుంటుందండీ ఇంత సౌకర్యం? మడమల వరకే అనుకోండి. ఉన్నంతలో సర్దుకోవాలి.

కాబట్టి నేను మెట్టు మీద కూర్చుని చెప్పవలసినవన్నీ చెప్పాను. వేడి ఆయిల్ కంట్లో పడుతుందన్నాను. హ్యాండ్‌బ్రేక్ దానంతటదే ఊడిపోతుందన్నాను. చక్రాల కింద పెట్టిన చెక్క దిమ్మలకి లోపల చెద పట్టి ఉండొచ్చన్నాను. బండి కిందకి పిల్లి దూరి, నువ్వు దడుచుకుని, తల ఇంజన్‌కి కొట్టుకుంటావన్నాను. పిల్లి నా ఒళ్లోనే నిద్రపోతోంది. అయినా అన్నాను. పిడుగు పడితే ముందు ఇనప సామాను మీదే పడుతుందని కూడా అన్నాను. మాడు పగిలే ఎండ కాస్తోంది. పిడుగుకి ఎండేమిటి, వానేమిటి?

పాదాలు పలకలేదు. ఎప్పుడైనా కుడికాలి బొటనవేలు కొంచెం కదిలేది. దాన్నే నేను జవాబు కింద జమ కట్టుకున్నాను.

“అది చూసుకుంటుందిలే” అన్నారు మా ఆయన, ఆటల పేజీలోంచి. మా పెళ్లయినప్పటినుంచీ ప్రతి గండానికీ ఆయన వాడే మందు ఈ ఒక్క మాటే.

పాత ఆయిలంతా టబ్బులోకి దిగింది, కింది బోల్టు మళ్లీ బిగిసింది. పాత ఫిల్టర్ మాత్రం ఊడదే! బెల్టు వేసి లాగింది, జారిపోయింది. గుడ్డ చుట్టి తిప్పింది, తిరగలేదు. చివరికి స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టి, డబ్బాకి ఆ చివరనుంచి ఈ చివరకి పొడిచేసి, దాన్ని పట్టుకుని తిప్పింది. నల్లటి ఆయిల్ మోచేతి దాకా కారింది. వీడియో బాబు మూడు సెకన్లకి ఇక్కడ నలభై నిమిషాలు పట్టాయి. ఊడిన డబ్బా దబ్బున టబ్బులో పడింది. అలసిపోయిన చెయ్యి కొత్త ఫిల్టర్‌ని అందుకుంది. దాని రబ్బరు రింగుకి కొత్త ఆయిల్ రాసింది, లోపల కొంచెం పోసింది, బిగించింది. ముప్పావు చుట్టు. మాస్టారు గోడ అవతల డిగ్రీలు లెక్కపెట్టి “సరిపోయింది!” అని ప్రకటించారు. తర్వాత పైన మూత తీసి ఆయిలంతా పోసింది. మా అమ్మాయి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని, బండి ఎక్కి కూర్చుంది. ఇంక స్టార్ట్ చేసి చూడటమే.

నేను నా టబ్బుని కాపాడుకుందామని వంగాను. నా టబ్బు మీద ఇంకా ఆశ పెట్టుకున్నానంటే నన్ను భయస్థురాలు అనకండి.

పాత ఫిల్టర్ డబ్బా అందులో బోర్లా కాకుండా, మూతి పైకి తేలి ఉంది. మూతి చుట్టూ ఒక గాడి. ఆ గాడి ఖాళీగా ఉంది.

నాకు ఇంజన్లు తెలీవు. చదువు ఎనిమిదో క్లాసు దగ్గరే ఆగింది. కానీ గాడి అంటే ఏమిటో తెలుసు. ఇరవై ఎనిమిదేళ్లనుంచీ రోజూ కుక్కర్ మూత చేతుల్లోకి తీసుకుని, గాడిలో గాస్కెట్ ఉందో లేదో వేలితో తడిమి, అప్పుడు పొయ్యి మీద పెట్టే మనిషిని. గాస్కెట్ సరిగా లేకపోయినా మూత బిగిసినట్టే ఉంటుంది. బిగియలేదన్న సంగతి ప్రెషర్ ఎక్కాకే తెలుస్తుంది. అప్పటికి లోపలున్నది సీలింగ్ మీద ఉంటుంది.

కొత్త డబ్బాకి రబ్బరు ఉంది. పాతదానికి కూడా ఉండే ఉండాలి. మరి ఏది? టబ్బులో చెయ్యి పెట్టి దేవాను. అడుగంతా దేవాను. లేదు.

టబ్బులో లేకపోతే పైన ఇంజన్ దగ్గరే ఉండాలి.

ఇప్పుడు చెప్పాలా? నా కష్టం గమనించారా? ఆ పొద్దున అప్పటికే పందొమ్మిది భయాలు వాడేశాను. ఇది ఇరవయ్యోది. చూడటానికి మిగతా పందొమ్మిదిలాగే ఉంది, అదే గొంతు, అదే ముఖం! పైగా నేనేం చెప్పినా మా అమ్మాయికి ఒక్కటే వినబడుతుంది: రేపు వెళ్లొద్దు, బండి అమ్మేసెయ్.

పెద్దవాళ్లని అడుగుదామనుకున్నాను. “ఏమండీ, దీనికి రబ్బరు రింగు ఉండాలి కదా?” అన్నాను.

“అది చూసుకుంటుందిలే.”

“కొన్నిటికి ఉండదు చెల్లెమ్మా, మోడల్‌ని బట్టి ఉంటుంది” అన్నారు మాస్టారు. ఇద్దరికీ సందేహమన్నదే లేదు.

నేను ఆ డబ్బా పట్టుకుని వెళ్లి బండికి ఎదురుగా నిలబడ్డాను. బంపర్‌కి జానెడు దూరంలో.

మా అమ్మాయి ఒక చెవిలోది తీసింది. “అమ్మా, జరుగు.”

“జరగను.”

“ఇప్పుడేంటి? పిల్లా, పిడుగా?”

“దీని రబ్బరు ఏదే?”

“ఆ టబ్బులోనే ఉంటుంది చూడు.”

“లేదు. చూశాను.” నా చెయ్యి పైకెత్తి చూపించాను. మోచేతి దాకా నల్లగా ఉంది.

మా అమ్మాయి నా చేతికేసి చూసింది. గొంతు మాత్రం తగ్గించలేదు. “రేపు వెళ్లకుండా ఆపడానికి ఇది కొత్త సాకు కదూ? సూటిగా చెప్పొచ్చుగా!”

“వెళ్లు తల్లీ! పదహారు కాదు, అరవై మంచాలు వేసుకుని వెళ్లు. ఆ రబ్బరు ఎక్కడుందో చెప్పి వెళ్లు.”

రెండో చెవిలోది కూడా తీసింది. బండి దిగింది. నా చేతిలోంచి డబ్బా తీసుకుని గాడి చుట్టూ వేలితో ఒక్కసారి తడిమింది, అచ్చం నేను కుక్కర్ మూతని తడిమినట్టే. మళ్లీ బండి కిందకి దూరింది.

కొత్త ఫిల్టర్ విప్పుతున్న చప్పుడు. బొటబొటా ఆయిల్ పడిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఎంతసేపో తెలీదు. మా ఆయన పేపరు పక్కన పెట్టారు. అలా పెట్టడం నేను మా అమ్మాయి పదో క్లాసు రిజల్ట్స్ రోజున చూశాను, మళ్లీ ఇప్పుడే. మాస్టారు కప్పు గోడ మీద పెట్టి, తెలివిగా ఏమీ మాట్లాడకుండా నిలబడ్డారు. పాదాలు కదల్లేదు. బొటనవేలు కూడా కదల్లేదు.

ఆ నిశ్శబ్దంలో, పాఠకులారా, మీతో చెప్పిందంతా ఒకసారి మళ్లీ ఆలోచించాను. ఆయిల్ ఇంట్లో మార్చుకోవడం భాగ్యమన్నానా? అన్నాను. ఇప్పుడూ అంటాను. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు, అదే కదండీ దీని గొప్ప! కానీ పదకొండు లక్షలమందికి పాఠం చెప్పే ఆ బాబుకి మా బండి తెలీదు, మా ఫిల్టర్ తెలీదు, ఇక్కడ ఏది ఊడిందో ఏది ఊడలేదో కనిపించదు. కనిపించేది పక్కన మెట్టు మీద కూర్చున్నదానికి. దాన్ని అడిగే దిక్కు లేదు!

నా ఏడుపు షెడ్డు పోయిందని కాదు. గచ్చు పాడైందని కాదు, టబ్బు పోయిందని అసలే కాదు. అక్కడి మేస్త్రి దగ్గర ఒక మాట వినబడేది: “ఇలా వచ్చి ఒకసారి చూసి పెట్టు.” పక్కనున్న ఇంకో మేస్త్రిని పిలిచి అనేవాడు. తనకి పని రాక కాదు, రెండో జత కళ్లకి ఏం కనిపిస్తుందోనని. ఆ మాట మా ఇంట్లో నేను విని ఎన్నాళ్లయిందో!

పోనీ, నేను మాత్రం తక్కువ తిన్నానా? చెదలనీ పిడుగులనీ పొద్దున్నుంచీ గంపలకొద్దీ కుమ్మరించి, అందులో ఈ ఒక్కటి మాత్రం నిజమని ఏరుకోమంటే, మా అమ్మాయే కాదు, నేనైనా ఏరుకోలేను. తాళంచెవి చేతిలో పెట్టబోయిన రోజున ఒక్కసారి పుచ్చుకుని, ఆ సీట్లో ఎక్కి కూర్చుని, ఆ తర్వాత ఎంత భయం ఉంటే అంత చెప్పుకుని ఉండొచ్చు. అలా చెయ్యలేదు.

రబ్బరు పైన లేకపోతే? ఆ భయం కూడా వేసింది, దాచడం ఎందుకు. లేకపోతే రేపటినుంచి ఊఁ కూడా ఉండదు.

బండి కింద గొంతు సవరించుకున్న చప్పుడైంది.

“పైనే ఉందమ్మా. ఇంజన్‌కి అతుక్కుపోయింది. దాని మీదే కొత్తది బిగించేశాను.”

ఏదో గీకుతున్న చప్పుడైంది.

“ఇక్కడ స్టార్ట్ చేస్తే కారకపోయినా కారకపోవచ్చు. లోడుతో కొండ ఎక్కుతుంటే మాత్రం ఊడి, ఆయిలంతా రోడ్డు మీదే పోయేది. ఇంజన్ పట్టేసేది, ఆ మలుపుల్లో.”

నేనేం మాట్లాడలేదు. నాకు మాట రాని సందర్భాలు తక్కువ. అందుకని దాన్ని ఎలా దాటాలో తెలియలేదు.

“అమ్మా, ఉన్నావా?”

“ఉన్నాను.”

“పాత రబ్బరు గీకేశాను. మళ్లీ బిగిస్తున్నా. కిందికొచ్చి ఒకసారి నువ్వు కూడా చూసి పెట్టు. తల వంచుకుని రా, బంపర్ తగుల్తుంది, జాగ్రత్త!”